పదిహేడు లక్షల బండి, అరవై లక్షల స్పేర్లు

మొన్న ఆదివారం పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, 'కారు ఫైనల్ 3' అని పేరు పెట్టిన ఎక్సెల్ షీటు ముందు కూర్చున్నా. (ఫైనల్ 1, ఫైనల్ 2 ఏమయ్యాయని అడక్కండి, మన ఫీల్డులో అందరికీ తెలిసిందే.) నాన్న వెనకనించి తొంగి చూశారు.

"ఏవిట్రా, ఆఫీసు పనా?"

"కాదు నాన్నా, కారు."

"ఉందిగా కారు?"

"ఇది వేరే."

"ఎంతిస్తుంది?"

ఎంతిస్తుంది అంటే మైలేజీ అని వేరే చెప్పక్కర్లేదు. "సిటీలో ఎనిమిది, తొమ్మిది" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడకుండా చెప్పులేసుకుని స్కందగిరి గుడికి వెళ్ళిపోయారు. మా నాన్న మాట్లాడకుండా గుడికెళ్ళారంటే నా కేసు పైకోర్టుకి వెళ్ళిందన్నమాట.

నా కోరిక సింపుల్. ఒక స్పోర్ట్స్ కారు, సెకండ్ హ్యాండ్‌ది. అయిదేళ్ళుగా పక్కన పెడుతూ వచ్చిన ఇరవై రెండు లక్షలున్నాయి. అమ్మానాన్నల మెడికల్ ఖర్చులకి పెట్టుకున్నది, ఉద్యోగం పోతే ఆరు నెలలు గడవడానికి పెట్టుకున్నది వేరే. వాటి జోలికి పోను. ఈ ఇరవై రెండూ మాత్రం నా పిచ్చికి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు వెళ్ళి చూశాను. ఎలక్ట్రిక్ కార్లు, పెద్దగా చప్పుడు కూడా లేదు. అయినా మన సెక్రటేరియట్ పక్కన ఆ మలుపులో అవి తిరుగుతుంటే ఒళ్ళు ఝల్లుమంది. ఆ రోజు నించి మొదలైంది ఈ షీటు.

ఇలాంటి ఊసెత్తగానే మన ఆఫీసుల్లో రెండు రకాల సలహాలొస్తాయి. మొదటివాడు "ఆ ఇరవై రెండు లక్షలు ఇండెక్స్ ఫండులో పెట్టు, రిటైరయ్యేసరికి ఎంతవుతుందో తెలుసా" అంటాడు. తెలుసు నాయనా, కాలిక్యులేటర్ నాదగ్గరా ఉంది. అయితే వాడే పోయినేడాది పెళ్ళి భోజనాల్లో నలభై రకాలు పెట్టించాడు. కన్వెన్షన్ హాలుకి ఒక్క రాత్రికి కట్టిన అద్దెతో నా కారుకి రెండేళ్ళు ఇన్సూరెన్సు కట్టొచ్చు. అప్పుడు ఎవరూ "ఎంతిస్తుంది?" అని అడగలేదు మరి. సరదాకి ఖర్చు పెట్టడం పాపం అని నేననుకోను. ఎంత పెడుతున్నామో తెలియకుండా పెట్టడమే నాకు నచ్చదు.

రెండోవాడు ఇంకా ప్రమాదం. "లోన్ తీసేయ్ బాస్, నీ ప్యాకేజీకి ఇదెంత" అంటాడు. ఇరవై లక్షలు పదమూడు శాతం వడ్డీకి అయిదేళ్ళకి తీసుకుంటే నెలకి నలభై అయిదు వేల పైచిలుకు ఈఎంఐ. పాత కార్ల మీద వడ్డీ కొత్తవాటికంటే ఎక్కువే ఉంటుంది. మా టీములో ఒకతను సరిగ్గా ఇలాగే ఒక పాత జర్మన్ కారు కొన్నాడు. 2023లో లే ఆఫ్ మెయిల్ వచ్చింది. రెండు నెలలు ఓపిక పట్టి, ఆరు లక్షలు నష్టానికి అమ్మేశాడు. నష్టపోయిందానికంటే, కారు కోసం ఫోన్ చేసిన ప్రతివాడూ అతని అవసరం పసిగట్టి ఇంకో యాభై వేలు తగ్గించమనడం అతన్ని ఎక్కువ బాధపెట్టింది. కొత్త ఆఫర్ వచ్చాక కూడా కార్ల మాటెత్తితే లేచి వెళ్ళిపోతాడు. అందుకని నా షీటులో మొదటి గడి ఇది: లోన్ సున్నా. స్పోర్ట్స్ కారుని అప్పుతో కొనకూడదు, అంతే. ఇందులో నాతో వాదించేవాళ్ళుంటే ముందు అతన్ని కలిసి రండి.

సరే, అసలు విషయానికొద్దాం. పాత స్పోర్ట్స్ కార్లలో అందరూ పడే గొయ్యి ఒకటుంది. కారు ధర పడిపోతుంది గానీ, ఆ కారు స్పేర్ పార్టు ధర పడదు. అరవై లక్షలకి అమ్మిన కారు పదేళ్ళకి పదిహేడు లక్షలకి దొరుకుతుంది. చూడగానే "అరే, కొత్త క్రెటా రేటుకే!" అనిపిస్తుంది. కానీ దాని ఇంజెక్టరుకి, దాని సస్పెన్షనుకి, దాని హెడ్ లైటుకి ఆ కారు చేతులు మారిందని తెలీదు. అవి ఇంకా అరవై లక్షల కారు పార్టులే.

ఉచితంగా వచ్చిన కారు కూడా ఉచితం కాదని దేశం మొత్తానికి తెలిసిన కథ ఒకటుంది. 2002లో సచిన్ 29వ టెస్టు సెంచరీ కొట్టి బ్రాడ్‌మన్‌ని అందుకున్నప్పుడు ఫియట్ వాళ్ళు షూమాకర్ చేతుల మీదుగా ఫెరారీ 360 మోడెనా బహుమతిగా ఇచ్చారు. దిగుమతి సుంకం కోటి రూపాయల పైన తేలింది. ప్రభుత్వం మాఫీ చెయ్యబోతే గొడవయ్యింది, చివరికి ఆ డబ్బు ఫియట్ వాళ్ళే కట్టారు. 2011లో సచిన్ దాన్ని సూరత్ వ్యాపారికి అమ్మేశాడు. సచిన్‌కే అలా ఉంటే పద్మారావు నగర్ సంగతి వేరే చెప్పాలా.

నేను పడబోయిన గొయ్యి బీఎండబ్ల్యూ జెడ్ 4. 2012 మోడలు, 35ఐ, ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, బటన్ నొక్కితే పైకప్పు మడతపడి డిక్కీలోకి వెళ్ళిపోతుంది. హర్యానా రిజిస్ట్రేషన్. ఢిల్లీ చుట్టుపక్కల డీజిల్ కారుకి పదేళ్ళు, పెట్రోలు కారుకి పదిహేనేళ్ళు అన్న నిబంధన పెట్టారు కదా, 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. దాంతో అక్కడి పాత కార్లు చవగ్గా మన వైపు వస్తుంటాయి. సిటీలోని ఒక డీలరు దగ్గర చూశాను. మీటరు మీద 31,000 కిలోమీటర్లు. అడిగింది పదిహేడున్నర. నా కళ్ళు మూసుకుపోయాయి, ఇరవై అయిదు వేలు టోకెన్ ఇచ్చేశాను. ప్రొడక్షన్‌లో టెస్టింగ్ లేకుండా కోడ్ పెట్టేవాణ్ణి తిట్టే నేను, అలాంటి పనే నా డబ్బుతో చేశాను.

తరవాత బుద్ధి వచ్చి నాకు తెలిసిన మెకానిక్‌ని తీసుకెళ్ళాను. చిలకలగూడ అతను, పదిహేనేళ్ళుగా జర్మన్ బండ్లే చూస్తాడు. బానెట్ ఎత్తకముందే డ్రైవరు సీటు అంచు తడిమాడు. స్టీరింగ్ మీద తోలు నునుపుదేరి ఉంది. బ్రేకు డిస్కు అంచున వేలు పెట్టి రాశాడు, అక్కడ గట్టు తేలి ఉంది.

"సార్, బండి మస్తుంది. మీటర్ మీదనే నాకు నమ్మకం లేదు. ముప్పై వేలు తిరిగిన బండి కాదిది."

సర్వీసు రికార్డు తీయిస్తే 2019లోనే 64,000 అని ఉంది. డీలరుని అడిగితే "సిస్టంలో తప్పు పడి ఉంటది" అన్నాడు. ఇరవయ్యేళ్ళనించి మనం కస్టమర్లకి చెప్పే మాటనే తిరిగి మనకి చెప్తే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది :) టోకెన్లో పదిహేను వేలు వెనక్కిచ్చాడు, పది వేలు 'ప్రాసెసింగ్' అట. ఆ పదివేలూ నా ట్యూషన్ ఫీజు అనుకుని ఊరుకున్నా.

అయినా మీటరు నిజమే అయినా ఆ బండి నాకు తగదని ఇప్పుడు తెలుస్తోంది. అందులో ఉన్నది ఎన్ 54 ఇంజను. నడిపితే అద్భుతం. కానీ దానికి హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు, కరెంటుతో తిరిగే వాటర్ పంపు, టర్బో వేస్ట్ గేట్లు ఈ నాలుగూ ఎప్పుడో ఒకప్పుడు పోతాయని ప్రపంచమంతా తెలుసు. మా మెకానిక్ లెక్కలో ఒక్కో ఇంజెక్టరు ముప్ఫై వేల పైమాటే. అవి ఆరు. దాని పైన రిజిస్ట్రేషన్ మార్చడం ఒకటి. వేరే రాష్ట్రం బండి పన్నెండు నెలలు దాటి ఇక్కడ తిరగాలంటే అక్కడి ఎన్‌ఓసీ తెచ్చి ఇక్కడ మళ్ళీ లైఫ్ టాక్స్ కట్టాలి. అది నేను కొన్న రేటు మీద కాదు, ఆ కారు కొత్తలో ఎంతకి అమ్ముడయ్యిందో దాని మీద, వయసు బట్టి ఇంత శాతం అని. ఏజెంటు నోటితో వేసిన లెక్కే మూడు లక్షలు దాటింది. చూశారా, పాత ధర మళ్ళీ ఇక్కడ లేచి కూర్చుంది.

కొందరు ఈ టాక్సుని తప్పించుకోడానికి పాండిచ్చేరి నంబరుతోనే తిప్పేస్తుంటారు. 2017లో మలయాళ నటులు ఇలాగే వార్తల్లోకెక్కారు. ఇంకా పెద్ద తలనొప్పి దిగుమతి కార్లది. 2025 మేలో హైదరాబాదుకే చెందిన ఒక లగ్జరీ కార్ల వ్యాపారిని తక్కువ ధర చూపించి సుంకం ఎగ్గొట్టాడన్న ఆరోపణ మీద డీఆర్ఐ వాళ్ళు అరెస్టు చేశారు. అలాంటి దగ్గర కొన్న కారుకి రేపు కస్టమ్స్ వాళ్ళొచ్చి తాళం వేస్తే, "నేను తెలీక కొన్నానండీ" అనడం తప్ప కొన్నవాడు చెయ్యగలిగేది ఏముంటుంది? ఆర్సీలో ఏముందో చూడకుండా ఎగ్జాస్ట్ సౌండు విని కొనకండి బాబూ.

సరే, జెడ్ 4 పోయింది. మిగిలినవి ఏవి?

పోర్షె బాక్స్‌టర్ పాతవి అప్పుడప్పుడు కనిపిస్తుంటాయి. 2009 ముందు ఇంజన్లలో ఐఎంఎస్ అనే బేరింగు ఒకటుంటుంది. అది విరిగితే ఇంజను మొత్తం పోయినట్టే, 2006 నించి 2008 దాకా వచ్చినవాటిలో ఇంజను విప్పకుండా దాన్ని మార్చడం కూడా కుదరదు. కట్ చేసేశా. ఫోర్డ్ మస్టాంగ్ 2016లో 65 లక్షలకి వచ్చింది, అయిదు లీటర్ల వీ 8. దాని గొంతు వింటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. కానీ నా బడ్జెట్‌కి అందదు. పైగా ఫోర్డ్ వాళ్ళు 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నామని చెప్పేశారు. పోలో జీటీఐ ఉంది, 2016లో వచ్చింది, రెండు తలుపులు, 192 హార్స్ పవర్. ముద్దొస్తుంది. కానీ అందులో ఉన్నది డ్రై క్లచ్ ఉన్న ఏడు గేర్ల డీఎస్‌జీ. అదే కుటుంబానికి చెందిన గేర్ బాక్సు కోసం ఫోక్స్‌వాగన్ 2013లో ప్రపంచమంతా కలిపి పదహారు లక్షల కార్లని వెనక్కి పిలవాల్సొచ్చింది. మన ట్రాఫిక్‌లో, అంటే ఇంచు ముందుకి, ఆగు, ఇంచు ముందుకి, ఆగు, డ్రై క్లచ్ పెట్టుకుని ముషీరాబాద్ చౌరస్తా దాటడమంటే రోజూ దానికి పరీక్షే.

చివరికి నా షీటులో మిగిలింది స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్. 2017లో 24.62 లక్షల ఎక్స్ షోరూం ధరకి వచ్చింది, 230 హార్స్ పవర్, రెండు లీటర్ల టర్బో. గేర్ బాక్సు ఆరు గేర్ల వెట్ క్లచ్ డీఎస్‌జీ, నూనెలో మునిగుండే రకం. ప్రతి అరవై వేల కిలోమీటర్లకీ ఆ నూనె మారిస్తే చాలావరకు గొడవ చెయ్యదు. "అది స్పోర్ట్స్ కారేంట్రా, డిక్కీలో గ్యాస్ సిలిండర్ పడుతుంది" అని స్నేహితులు వెక్కిరిస్తారు. నిజమే. కానీ నాలుగు తలుపులున్నాయి, అమ్మ ఎక్కి దిగగలదు. పాతిక లక్షల కారుగా పుట్టింది కాబట్టి పాతిక లక్షల కారు స్పేర్లే అడుగుతుంది. ఇంజను వేరైనా, చాలా పార్టులు మామూలు ఆక్టేవియావే. 2020లో వచ్చిన 245 ఇంకా బాగుంటుంది గానీ ఇండియాకి వచ్చినవి 200 మాత్రమే, అమ్మేవాడు దొరకడు, దొరికితే వదలడు.

ఇప్పుడు లెక్క. 2018 మోడలు, తెలంగాణ బండే, ఒకే ఓనరు, ఎక్కువ తిరిగింది, పదిహేడు లక్షలకి మాటవుతోంది. నా ఇరవై రెండులో పదిహేడు కారుకి, ఒకటి ట్రాన్స్‌ఫర్, ఇన్సూరెన్సు, మొదటి పెద్ద సర్వీసుకి. మిగతా నాలుగు లక్షలూ కదపకుండా ఎఫ్‌డీలో. ఆ నాలుగు లక్షలూ లేకపోతే ఆ కారు నాది కాదు, గ్యారేజీవాడిది.

రోజూ ఆఫీసుకి గాంధీ హాస్పిటల్ స్టేషన్లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారి రాయదుర్గం వెళ్ళిపోతాను. కాబట్టి కారు ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లకంటే తిరగదు. కలిపి చూస్తే తొమ్మిది మైలేజీకి, లీటరు 107 రూపాయల లెక్కన పెట్రోలు 71 వేలు. ఇన్సూరెన్సు 55 వేలు (అందులో 1500 సీసీ దాటిన కారుకి థర్డ్ పార్టీ ఒక్కటే 2022 జూన్ రేట్ల ప్రకారం 7,897). సర్వీసు 45 వేలు. టైర్లు అరిగినా అరక్కపోయినా అయిదేళ్ళకి మార్చాల్సిందే, ఏడాది వాటా 13 వేలు. కారు విలువ తగ్గేది లక్షా పాతిక. పదిహేడు లక్షలు బ్యాంకులో ఏడు శాతానికి ఉంటే వచ్చే వడ్డీ లక్షా 19 వేలు. మొత్తం నాలుగు లక్షల 28 వేలు. ఆరు వేలతో భాగిస్తే కిలోమీటరుకి 71 రూపాయలు!

ఈ 71 అనే అంకె చూసి నేను రెండు రోజులు షీటు తెరవలేదు. ఇంటినించి ట్యాంక్ బండ్ దాకా వెళ్ళొస్తే ఏడెనిమిది వందలు. కానీ తరవాత ఆలోచిస్తే, ఇదే నిజమైన రేటు. ఇది చూసి కూడా కావాలనిపిస్తే కొనుక్కోవచ్చు. చూడకుండా కొనేవాళ్ళే ఏడాది తిరక్కుండా 'అర్జెంట్ సేల్' అని పెడతారు. ఓదార్పు కావాలంటే ఇంకోటి చెప్తా. 2021లో జూనియర్ ఎన్టీఆర్ తన లంబోర్గిని కోసం 9999 నంబరుకి ఖైరతాబాద్ ఆర్టీఏలో 17 లక్షలు కట్టారు. నా బడ్జెట్ ఆయన నంబర్ ప్లేటంత!

ఇంక నడిపేదెక్కడ అనే ప్రశ్న. ఇది మా నాన్న అడగలేదు గానీ అడగాల్సిన ప్రశ్న. వాకర్ టౌన్ సందుల్లో ప్రతి వంద గజాలకీ ఎవరో ఒకరు సొంత ఖర్చుతో వేయించుకున్న స్పీడ్ బ్రేకరుంటుంది. కింద తగులుతుందో లేదో చూడ్డానికి ఒక రోజు టేపు పట్టుకుని బయల్దేరాను కూడా, పాల పాకెట్లు వేసే అబ్బాయి "సార్, రోడ్డేస్తున్నారా?" అని ఆశగా అడిగాడు. మిగిలింది ఓఆర్ఆర్. 158 కిలోమీటర్లు, 2023లో స్పీడ్ లిమిట్ వంద నించి 120కి పెంచారు. ఆ 120 నాన్న వ్యాగనార్ కూడా కొట్టగలదు. అదే ఓఆర్ఆర్ మీద 2011లో అజారుద్దీన్ గారి అబ్బాయి పోయిన సంగతి మన తరానికి మర్చిపోయేది కాదు. స్పీడు సరదా ఉంటే ట్రాకుకి వెళ్ళాలి, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 1990 నించీ ఉంది. అందుకే షీటులో ఏడాదికి ఒక చెన్నై ట్రిప్పు, ఒక సెట్టు బ్రేకు ప్యాడ్లు అని ఇంకో గడి కలిపాను. అది పైన లెక్కలో లేదు, నాన్నకి చెప్పకండి.

రెండు చిన్న విషయాలు, మర్చిపోయే ముందు. 2025 నించి బంకుల్లో మామూలు పెట్రోలంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిందే, పాత టర్బో ఇంజన్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. యూజర్ మాన్యువల్ తీసి ఎంత శాతం దాకా పర్లేదన్నారో చూడండి. రెండోది, అమ్మినాయన ఫారం 29, 30 మీద సంతకం పెట్టాడు కదా అని ఆర్సీ మార్చకుండా తిరగొద్దు. ఆర్సీలో పేరున్నవాడే ఓనరు, యాక్సిడెంటు పరిహారం కూడా అతనే కట్టాలి అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. మనం కొంటున్నప్పుడు ఇది అమ్మేవాడి బాధ, రేపు మనం అమ్మేటప్పుడు మన బాధ. అలాగే ఈసీయూ రీమ్యాప్ చేసిన బండి అని గొప్పగా చెప్పారంటే అక్కడినించి నెమ్మదిగా జారుకోండి. ఆ అదనపు యాభై గుర్రాలు ముందు ఓనరు అనుభవించేశాడు, వాటి దాణా ఖర్చు మీకు మిగిల్చాడు.

గుడినించి వచ్చాక నాన్న విభూది పెట్టి, షీటు మళ్ళీ చూపించమన్నారు. నలభై ఏళ్ళు రైల్వే అకౌంట్స్‌లో చేసిన మనిషి. కళ్ళజోడు పెట్టుకుని అడుగు నించి పైకి చదువుకుంటూ వచ్చారు. 71 దగ్గర ఆగారు. నాలుగు లక్షల ఎఫ్‌డీ దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగారు.

"పార్కింగ్ రాయలేదేం?" అన్నారు.

నిజమే, రాయలేదు. మా అపార్టుమెంటులో మాకున్నది ఒక్కటే చోటు, అందులో వ్యాగనార్ ఉంది. పక్కింటి వాళ్ళ చోటు ఖాళీగా ఉందట, నెలకి రెండు వేలకి ఇస్తారేమో తను అడుగుతానన్నారు. ఏడాదికి ఇరవై నాలుగు వేలు, కిలోమీటరుకి ఇంకో నాలుగు రూపాయలు. మొత్తం 75.

శనివారం పొద్దున చిలకలగూడ మెకానిక్ వచ్చి బండి చూస్తానన్నాడు. టోకెన్ ఇంకా ఇవ్వలేదు, అతను చూసేదాకా ఇవ్వను. నాన్న కూడా వస్తానంటున్నారు. ఊరికే, చూడ్డానికట.